తొమ్మిది రోజుల పూచీ

మొదటి రోజు. ఏరువాక పున్నమి.

ఈ పూచీ పుస్తకాన్ని పాలంకి హైమావతి అనే నేను, వయస్సు డెబ్బై ఎనిమిది, పూర్వం భౌతికశాస్త్ర అధ్యాపకురాలిని, నా చేతితో సిరాతో రాస్తున్నాను. యంత్రం చేత రాయించడం లేదు. ఇది సభవారి నిబంధన. నిబంధన లేకపోయినా నేను ఇలాగే రాసేదాన్ని.

ఈ రోజు ఉదయం గుత్తుల లోవరాజు అనే మనిషిని సభవారు నా ఇంటికి పంపారు. ఇతడు మూడు రోజుల క్రితం సముద్రం అందని మెరక నుంచి పడవలో మా ఊరు నడికట్టకు వచ్చి, సభ ముందు నిలబడి, సముద్రానికి అడ్డుగా కట్టిన తూర్పు గోడ కుంగిపోతోందని చెప్పాడు. పంతొమ్మిదేళ్ళు మెరక ప్రభుత్వ జలమట్టాల శాఖలో పనిచేశాననీ, ఆ కుంగుబాటును తన చేతులతోనే కప్పిపుచ్చాననీ చెప్పాడు. తనతో ఒక ఇనుప పెట్టె తెచ్చాడు. అందులో శాఖ కాగితాలు ఉన్నాయట. సభవారు దాన్ని తెరవకుండానే పక్కన పెట్టారు. ఆ మర్నాడు శాఖవారు ఒక దృశ్యం పంపారు. అందులో ఇదే లోవరాజు, ఇదే గొంతుతో, తాను చెప్పినదంతా కల్పితమని ఒప్పుకుంటున్నాడట. సభవారు దాన్నీ చూడలేదు. ముఖాలనూ గొంతులనూ సంతకాలనూ యంత్రాలు పోతపోయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ ఊళ్ళో వస్తువు సాక్ష్యం కాదు. మనిషే సాక్ష్యం. ఆ మనిషి ఒక పూచీదారు ఇంట్లో తొమ్మిది రోజులు ఉండాలి. ఆ ఇంటి పనిలో సగం చేయాలి. అతడు నమ్మదగినవాడో కాదో తొమ్మిదో రోజున పూచీదారు సభలో చెప్పాలి.

లోవరాజు మాట నిజమైతే, ముప్పై రోజుల్లో వచ్చే ఆషాఢ పూర్ణిమ పోటుకు సముద్రం గోడ దాటుతుంది. లోపల మూడు వేల ఎనిమిది వందల మందిమి ఉన్నాము. అందరమూ మెరకకు చేరడానికి పన్నెండు రోజులు పడుతుంది. అతడి మాట అబద్ధమైతే మేము పంపులు ఆపి వెళ్ళిపోయిన వారానికే ఉప్పు అడుగు నుంచి ఊరి పైకి వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు కడిగి కడిగి తీపి చేసుకున్న నేల మళ్ళీ మాకు దక్కదు.

"మీరు ఊఁ అంటే ఊరు లేస్తాదండి. ఊహూఁ అంటే ఆ రోజు పడవకే ఇతన్ని శాఖోళ్ళకి అప్పజెప్పేస్తాం" అన్నారు సభాపెద్ద కలిదిండి పెద్దిరాజుగారు.

"నన్నే ఎందుకు ఎంచుకున్నారు?"

"గోడ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందండి? పదకొండేళ్ళు మట్టం పండక్కి కుర్చీ మీదే కదా."

అది నిజమే. ఏటా మట్టం పండుగనాడు గోడకు కట్టిన కొలబద్దను ఊరి తరఫున ఒకరు చూసి సంతకం పెట్టాలి. పదకొండేళ్ళు ఆ ఒకరు నేనే.

"మీ అభిప్రాయం ఏమిటి, రాజుగారూ?" అని అడిగాను.

"నాదేముందండి. ఇయ్యాలే నారు పోసేను" అని ఆయన వెళ్ళిపోయారు.

ఇంతవరకు పద్నాలుగు మందికి పూచీదారుగా ఉన్నాను. ఎనిమిది మందికి ఊఁ అన్నాను, ఆరుగురికి ఊహూఁ అన్నాను. ఒక్కసారి కూడా పొరబడలేదు. ఒకసారి చూసిన ముఖాన్ని నేను మరిచిపోను.

లోవరాజుకు యాభై పైన ఉంటాయి. సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా. మొదటి పనిగా వాననీటి కూజాలు కడగమన్నాను. కడుగుతూ వడపోత కుండలోకి తొంగి చూశాడు.

"బొగ్గు పైన ఉందండి. ఇసక పైకి రావాలి."

"ముప్పై ఏళ్ళ నుంచి ఈ నీళ్ళే తాగుతున్నాను."

"అందుకే చెబుతున్నానండి."

అతడు మధ్యాహ్నం కుండలో బొగ్గూ ఇసకా తిరగవేశాడు. నీళ్ళు తేటగానే వస్తున్నాయి. ఈ సంగతి న్యాయం కోసం నమోదు చేస్తున్నాను.

రెండవ రోజు.

నా పద్ధతి ఒకటుంది. వంటింట్లో మూత సరిగ్గా పడని సీసాలో ఇరవై ఒక్క బెల్లం ముక్కలు పెడతాను. పూచీకి వచ్చిన మనిషి తింటే తప్పు లేదు. తిన్నావా అని అడిగినప్పుడు ఏమంటాడన్నదే పరీక్ష. ఊహూఁ అనిపించుకున్న ఆరుగురిలో నలుగురు ఈ సీసా దగ్గరే దొరికిపోయారు.

సాయంత్రానికి పంతొమ్మిది ఉన్నాయి.

"బెల్లం ఏమైనా తీసుకున్నావా, లోవరాజూ?"

"లేదండి. ఎలకలేమో."

గోడ లోపల ఎలుకలు లేక ఇరవయ్యేళ్ళయింది. ఉప్పు వాటిని చంపింది. ఆ మాట అతడికి చెప్పలేదు. పుస్తకంలో రాశాను.

ఇంకొక విషయం. తన కంచం తాను కడుగుతాడు, నాది కడగడు. నాకు అదే నచ్చింది. మోకాళ్ళ కోసం మెరక ప్రభుత్వం పంపిన నడకయంత్రాన్ని నేను తిప్పి పంపిన సంగతి ఊరంతటికీ తెలుసు. ఇంకొకరి వంట తిని ముప్పై ఒక్క ఏళ్ళయింది. నా కంచం ఎవరైనా ముట్టుకుంటే నాకు చిరాకు.

మూడవ రోజు.

మొదటి మూడు రోజులు అసలు విషయం అడగకూడదు. మాటను కాదు, మనిషిని చూడాలి. చూశాను. చింతపండు పిక్కలు తీయడం రాదు. చీపురు పట్టడం వచ్చు. మంచం కింద కూడా ఊడ్చాడు.

పంపుల ఇంటి నుంచి మంగతాయారు పాదులకు నీటివంతు తెచ్చింది. ఈమె తూర్పు పంపులను పదహారేళ్ళుగా నడిపిస్తున్న మనిషి. చేతులు ఎంత గట్టివో నోరూ అంతే. గుమ్మంలోనే నిలబడి లోవరాజును పైనుంచి కిందకు చూసింది.

"ఈయనేనా? పంతొమ్మిదేళ్ళు శాఖోళ్ళ కూడు తిని ఇప్పుడు తెల్లారిందా నీకు, బాబూ?"

"ఆలస్యమైందండి" అన్నాడు లోవరాజు.

"ఆలీశమా! మా అత్తగోరు పోయిన పదోరోజుకి వొచ్చిన డాట్రుగారు కూడా ఇలాగే అన్నాడు." తరువాత నా వైపు తిరిగింది. "మేడంగోరూ, నేనొచ్చిన కొత్తల్లో పంపులు రోజుకి తొమ్మిది గంటలాడేవి. ఇప్పుడు పద్నాలుగాడతన్నాయి. వానలు పెరగలేదు. మరెందుకంటారు?"

"పంపులు పాతవై ఉంటాయి."

"పంపు పాతదైతే నీళ్ళు తక్కువ తోడతాది గానీ, తోడవలసిన నీళ్ళు పెరగవు గదండీ?"

వస్తువు సాక్ష్యం కాదని చెప్పాను. ఆమె నీళ్ళకుండ దించి, "మీ ఇష్టం. మీరు సదువుకున్నోళ్ళు" అని వెళ్ళిపోయింది. ఆ ఆఖరి మాటలో ఉన్న పోటును నేను గమనించాను.

నాలుగవ రోజు.

ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఉద్యోగం ఎందుకు వదిలావు?"

"మనసొప్పక రాజీనామా చేశానండి."

"ఏ నెలలో?"

"ఫాల్గుణంలో."

"నీ చొక్కా జేబు మీద శాఖ గుర్తు విప్పిన కుట్టు ఉంది. రాజీనామా చేసినవాడు గుర్తు తిరిగి ఇచ్చేస్తాడు, కుట్టు శుభ్రంగా విప్పుకుంటాడు. ఇక్కడ గుడ్డ చిరిగింది. ఎవరో లాగేశారు."

చేతిలోని చేటలో బియ్యం ఇటూ అటూ తిప్పాడు.

"తీసేశారండి. పై అధికారి పదవి నాకు రావలసింది. ఇంకొకడికి ఇచ్చారు. గట్టిగా అడిగాను. మర్నాడు గుమ్మం దగ్గరే గుర్తు పీకేశారు."

"అంటే, కోపంతో వచ్చావు."

"కోపం కూడా ఉందండి."

అతడి మాటల్లో నిజమని నాకు తోచిన మొదటి మాట ఇదే. కానీ దీనికి ముందు రెండు అబద్ధాలు ఉన్నాయి. లెక్క రాసుకుంటున్నాను.

అయిదవ రోజు.

అసలు విషయం అడిగాను. పిక్కలు తీస్తూ చెప్పాడు. ఇప్పుడు కొంచెం నేర్చుకున్నాడు. అతడు చెప్పింది ఇది.

కొలబద్ద ఇనుప పలక, అయిదు మీటర్ల పొడవు, నాలుగు బోల్టులతో తూర్పు గోడకు బిగించి ఉంటుంది. అయిదో మీటరు గీత గోడ అంచుకు సరిగ్గా ఆనాలి. సముద్రం ఎంతవరకు వచ్చిందో, అంచుకు ఇంకా ఎంత దూరముందో దాన్ని చూసి రోజూ ఊరి చౌకులోని నల్లబల్ల మీద రాస్తారు. పదేళ్ళ క్రితం నుంచి గోడ ఏడాదికి నాలుగేసి సెంటీమీటర్లు కుంగడం మొదలైంది. గోడతోపాటు కొలబద్దా కుంగుతుంది కాబట్టి నీటి అంకె పెరుగుతూ కనిపిస్తుంది. అది ఊరికి కనబడకూడదు. మెరక మీద నాలుగు వేలమందికి చోటు చూపించడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. అందుకని ఏటా పండుగకు ముందు ఇతడు బోల్టులు వదులు చేసి, గోడ ఎంత దిగిందో పలకను అంత పైకి జరిపేవాడు. అప్పుడు అయిదో గీత గోడకన్నా పైకి పొడుచుకు వస్తుంది. అది తెలియకుండా రెండేళ్ళకొకసారి గోడ నెత్తిన ఒక వరుస ఇటుక పేర్చి, పూత పూసి, సున్నం కొట్టేవారు.

"ఇప్పటికి అయిదు వరుసలండి. నలభై ఒక్క సెంటీమీటర్లు. సముద్రాన్ని ఆపవలసిన చోట ఒంటి ఇటుక గోడ ఉంది. చివరి వరుసకి ఇసక కూడా ఉప్పుది పోశారు. పై వరుస నా చేతికి ఊడొచ్చింది."

నలభై ఒక్క సెంటీమీటర్లంటే మూరకు రెండు వేళ్ళు తక్కువ. పోయిన ఆషాఢం పోటు గోడ అంచుకు జానెడు కిందివరకు వచ్చింది. ఇతడి మాట నిజమైతే అప్పటికే నీరు ఇటుకలను ఆనుకొని ఉంది.

ఆ సున్నం నాకు జ్ఞాపకముంది. మల్లెపూవులా ఉండేది. ఒక ఏడు సభలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాను కూడా.

ఆరవ రోజు.

ఈ రోజు నేను ఆచారం తప్పాను. మనిషిని చూడడం చాలించి, మాటను కొలవడానికి వెళ్ళాను. నలభై ఏళ్ళు పిల్లలకు కొలతలు నేర్పినదాన్ని. కొలవగలిగిన దాన్ని కొలవకుండా ఊరుకోవడం నాకు చేతకాలేదు.

కొలబద్దకు పాతిక మీటర్ల దూరంలో పాత రైలు వంతెన స్తంభం ఒకటి మిగిలి ఉంది. దాని పునాది ఎనభై అడుగుల లోతున గట్టి నేల మీద ఉంది. అది కుంగదు. గోడ కట్టిన రెండో ఏట నా విద్యార్థులతో కలిసి, కొలబద్ద మూడో మీటరుకు సరిసమాన మట్టంలో ఆ స్తంభం మీద ఉలితో గీత చెక్కించాను. ఆ సంగతి జ్ఞాపకమున్నవాళ్ళు ఊళ్ళో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు.

మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళగొట్టం తెప్పించాను. పారదర్శకమైన రబ్బరు గొట్టం. నీళ్ళు నింపి రెండు కొసలూ పట్టుకుంటే నీరు రెండు వైపులా ఒకే మట్టంలో నిలుస్తుంది. దీనికి అబద్ధం నేర్పే యంత్రం ఇంకా పుట్టలేదు. ఒక కొస పట్టుకోవడానికి మంగతాయారు వచ్చింది.

"పూచీవోరు మడిసిని సూడాలి గానీ గొట్టం సూడొచ్చేటండి?"

"నువ్వు ఎవరికీ చెప్పకు."

"నాకేటి పనండి. పంపులోదాన్ని. గొట్టం పట్టుకోడం నా కులవృత్తి."

ముప్పై ఒక్క మెట్లు దిగాను. మోకాళ్ళ సంగతి ఇక్కడ అప్రస్తుతం. స్తంభం మీద ఆల్చిప్పలు గీకితే గీత బయటపడింది. కొలబద్ద మూడో మీటరు దగ్గర మంగతాయారు, ఇక్కడ నేను. నీరు ఊగి ఊగి నిలిచింది. స్తంభం గీతా కొలబద్ద గీతా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే మట్టంలో ఉన్నాయి.

కొలబద్ద కదలలేదు. కదిపానని ఇతడంటున్నాడు. కదలలేదని నీళ్ళంటున్నాయి.

ఇది మూడో అబద్ధం. నా నిర్ణయం అయిపోయింది.

ఏడవ రోజు.

నిన్నటి చివరి వాక్యాన్ని కొట్టివేయడం లేదు. పూచీ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు. దానిని అలాగే చదువుకొని, తరువాతిది కూడా చదవవలసిందిగా సభవారిని కోరుతున్నాను.

ఉదయం కాఫీ తరువాత లోవరాజును సామాను సర్దుకోమన్నాను. గీతల సంగతి చెప్పాను. అతడు నవ్వాడు. నా ఇంట్లో అతడు నవ్వడం అదే మొదలు.

"సరిగ్గా ఉంటుందండి. ఉండేటట్టు పెట్టింది నేనే కదా."

"అంటే?"

"మనిషి నీళ్ళలో మునుగుతూ చెయ్యి పైకెత్తాడనుకోండి. ఎంత మునిగితే అంత ఎత్తుతాడు. ఒడ్డున ఉన్నవాళ్ళకి చెయ్యి కదల్లేదనే అనిపిస్తుంది. మీరు చెయ్యిని కొలిచారండి. భుజాన్ని కొలవలేదు."

నేను కుర్చీలో కూర్చున్నాను.

గోడ దిగింది. దిగినంత మేరా పలక గోడ మీద పైకి జరిగింది. కాబట్టి పలక మొదట ఉన్న ఎత్తులోనే ఉంది. పలక కదలలేదన్న నా కొలత సరైనదే. గోడ కుంగలేదన్న నా ముగింపు తప్పు. పరికరంతో కొలిచేముందు ఆ పరికరం దేనికి బిగించి ఉందో చూడమని ఏటా మొదటి తరగతిలో చెప్పినదాన్ని నేనే.

"భుజాన్ని కొలవడానికి గుర్తు ఏముంది? అంచంతా ఇటుకా పూతా అంటున్నావు."

"గుల్లలున్నాయి కదండీ."

ఆ రెండో ఏట, అంచు మీద కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు, నా విద్యార్థులు సముద్రపు గుల్లలు వరుసగా అద్దారు. స్తంభం గీతకు సరిగ్గా రెండు మీటర్ల ఎత్తున. ఆ గుల్లలు ఏమయ్యాయని నేను ఒక్క ఏడు కూడా అడగలేదు.

"గుల్లల సంగతి నీకెలా తెలుసు?"

"పూత కింద కప్పింది నేనే కదండీ. ఇంకొకటి చెప్పనాండి? చెప్పకూడదనే వచ్చాను."

"చెప్పు."

"మట్టం పండగలో మీకు గొడుగు పట్టింది నేనేనండి."

అతడి ముఖం చూశాను. ఎంత చూసినా ఏమీ జ్ఞాపకం రాలేదు. గొడుగు జ్ఞాపకం వచ్చింది. నల్లటి గొడుగు, వెదురు కామ. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా జ్ఞాపకం వచ్చింది. పదకొండేళ్ళలో చెయ్యి దాటి పైకి నేను చూడలేదు.

"మీరు సైన్సు చదువుకున్నవారని తెలుసండి. నా నోటితో చెప్పే ధైర్యం లేదు. మా ఆవిడా ఇద్దరు ఆడపిల్లలూ శాఖ ఇంట్లో ఉండేవాళ్ళు. అందుకని ఏటా మీ కుర్చీ పక్కనే అరచెయ్యంత మేర పూత వెయ్యకుండా వదిలేవాణ్ణి. ఇటుకా కాంక్రీటూ కలిసే చోటు కనబడేటట్టు. మీరు చూస్తారని."

"చూశానా?"

"గోడ కట్టిన ముప్పై నాలుగో ఏట చూశారండి."

అతడు చెప్పనక్కరలేకపోయింది. నాకు జ్ఞాపకం వచ్చింది. ఎండ, పులిహోర వాసన, కుడిచేతి వైపు తెల్లటి గోడలో ఎర్రటి మచ్చ.

"ఏమన్నాను?"

"'పండగ పూట ఇక్కడ పూత పూర్తి చెయ్యలేదేమిటయ్యా, శుభ్రంగా పూయించు' అన్నారండి. మేస్త్రీని పిలిచి మీ ఎదురుగానే పూయించాను. ఆ ఏడు నుంచి వదలడం మానేశాను."

ఆ మేస్త్రీ చనిపోయాడు. ఆ మాట విన్నవాళ్ళం ఇద్దరమే. ఇది ఏ పెట్టెలోనూ ఏ దృశ్యంలోనూ ఉండదు. ఇంత చిన్న మాటను, చెప్పినవాడికి ఏ లాభమూ లేని మాటను ఎవరూ కల్పించరు. లోవరాజు నిజం చెబుతున్నాడు. ఈ నిర్ణయానికి రావడానికి నాకు పట్టిన సమయం ఒక్క నిమిషం.

మధ్యాహ్నం ముగ్గురం గోడ దగ్గరకు వెళ్ళాము. మంగతాయారు పంపుల పారతో పూత ఒలిచింది. గుల్లలు కనిపించాయి. స్తంభం గీత మట్టం నుంచి గుల్లల వరకు ఒక మీటరు యాభై తొమ్మిది. రెండు మీటర్లు ఉండవలసినది.

మంగతాయారు ఒక ఇటుకను వేలితో నెట్టింది. అది కదిలింది. ఆమె దాన్ని రెండు చేతులతో నెమ్మదిగా వెనక్కి సర్దింది.

ఎనిమిదవ రోజు.

నిబంధన స్పష్టంగా ఉంది. విషయంలో తన చెయ్యి ఉన్న మనిషి పూచీ ఉండకూడదు. ఉంటే ఆ పూచీ చెల్లదు.

పదకొండేళ్ళు సంతకం పెట్టానని ఊరికి తెలుసు. అది మోసపోవడం. దానికి ఊరు నన్ను క్షమిస్తుంది, జాలిపడుతుంది కూడా. కానీ చూసి, పూయించానని తెలియదు. అది చెయ్యి పెట్టడం. రేపు అది చెబితే లోవరాజుకు పూచీ పోతుంది. చెప్పకుండా, ఈ పుస్తకం కూడా సభకు ఇవ్వకుండా ఉంటే నా ఒక్క ఊఁకి ఊరు లేస్తుంది, మూడు వేల ఎనిమిది వందల మంది బతుకుతారు. నా పేరు కూడా నిలుస్తుంది. ఈ చివరి వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

గోడ దగ్గరకు అందరినీ తీసుకువెళ్ళి చూపించవచ్చు కదా అని పెద్దిరాజుగారిని మాటవరుసకు అడిగాను.

"ఇటికెలు ఎవరైనా పెట్టొచ్చండి. గుల్లలు ఎవరైనా అద్దొచ్చు. మనం అలాటియి సూసి సూసే కదా ఈ పద్దతిలోకొచ్చేం" అన్నారు.

లోవరాజుకు నా ఇబ్బంది అర్థమైంది. సాయంత్రం పిక్కలు తీసిన చింతపండు ఉండచేసి నా ముందు పెట్టి, "ఆ ముప్పై నాలుగో ఏటి మాట మీరు చెప్పకండి. నేనూ చెప్పను. అది చెబితే నా పూచీ పోతుంది, ఊరూ పోతుంది" అన్నాడు.

"మళ్ళీ సున్నం కొట్టమంటున్నావా?"

అతడు లేచి వెళ్ళి బెల్లం సీసా తెచ్చాడు.

"రెండు తీశానండి. వచ్చిన రెండో రోజు. ఎలకలు కాదు."

"తెలుసు. రాసుకున్నాను."

"అదీ రాసుకోండి మరి, ఇప్పుడు ఒప్పుకున్నానని."

రాస్తున్నాను.

తొమ్మిదవ రోజు.

సభ పది గంటలకు కూడింది. చౌకు నిండిపోయింది. పూచీదారు నిలబడి చెప్పడం ఆచారం. కుర్చీ వేశారు. తీయించాను.

"గుత్తుల లోవరాజుకు నేను పూచీ ఉండను" అని చెప్పాను.

జనంలో ఒక నిట్టూర్పు వినిపించింది. అందులో సంతోషమే ఎక్కువ. ఎవరి నారుమళ్ళు వారికి గుర్తొచ్చి ఉంటాయి. లోవరాజు కళ్ళు మూసుకున్నాడు.

"ఉండను, ఎందుకంటే ఉండే అర్హత నాకు లేదు. ఇతడు చెప్పిన పనిలో నా చెయ్యి ఉంది." తరువాత జరిగినదంతా వరుసగా చెప్పాను. కుర్చీ, గొడుగు, ఎర్రటి మచ్చ, నేనన్న మాట. ఆ మాటను ఏ గొంతుతో అన్నానో ఆ గొంతుతోనే చెప్పాను. "నేను పూచీదారును కాను. సాక్షిని. గోడ రెండో ఏట ఎలా ఉందో చూశాను. ముప్పై నాలుగో ఏట దాని మీద ఇటుక చూశాను, కప్పించాను. నిన్న కాక మొన్న చేత్తో తాకాను. నన్ను ఎవరి ఇంట్లోనైనా తొమ్మిది రోజులు పెట్టుకోండి. పోటుకు ఇంకా ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి. తొమ్మిది పోతే పన్నెండు మిగులుతాయి. తరలడానికి కావలసినవి పన్నెండే."

వెనక నుంచి ఒక ముసలాయన, "ఇంతకాలం ఈవిడ చెప్పిన పూచీలన్నీ ఏమయినట్టు?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. అదే చెప్పాను.

"ఈ సాక్షికి పూచీ ఎవరండీ?" అని పెద్దిరాజుగారు అడిగారు. మూడుసార్లు అడగాలి. రెండోసారికి కూడా ఎవరూ లేవలేదు. ఇరవై ఏళ్ళుగా నేను ఎవరింటి గడపా తొక్కలేదు. ఎవరిని లెమ్మనను?

"నేనుంటాను" అంది మంగతాయారు. "కానైతే ఒకటి. నా ఇంటికాడ నేనొండిందే తినాల. ఆవిడగోరి గిన్నెలు నేను మొయ్యను."

జనం నవ్వారు. ఊరు నన్ను చూసి నవ్వడం నాకు తెలిసి అదే మొదటిసారి.

లోవరాజును ఏం చేయాలన్న మాట వచ్చింది. నా విచారణ తేలేవరకు అతడిని పడవ ఎక్కించరాదని నిర్ణయించారు. అతడికి చౌకులో గది ఇచ్చారు. ఊడ్చుకోవడానికి చీపురు కూడా ఇవ్వమన్నాను.

సభ ముగిసిందని చెప్పవలసిన చోట పెద్దిరాజుగారు కండువా దులుపుకున్నారు. "పంపులాపడానికి పూచీ కావాలండి. అది పద్దతి. మూటలు కట్టుకోడానికి ఎవడి పూచీ అక్కర్లేదు. నేనైతే ఇంటికెళ్ళి కట్టుకుంటన్నాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఇక్కడితో నా పూచీ పుస్తకం ముగిసింది. సంతకం పెట్టడం లేదు. నా సంతకం విలువ ఇంకా తేలలేదు.

మంగతాయారు పుస్తకం. మొదటి రోజు. సాక్షి రాసుకునే పేజీ.

ఆమెకు రాయడం బద్ధకం. తాను చెప్పినది రాయమంది. పద్ధతి ప్రకారం అది కుదరదు కాబట్టి నా పేజీ నేను రాస్తున్నాను, ఆమె పేజీ ఖాళీగా ఉంది.

పంపుల ఇల్లు కాబట్టి నేల రోజంతా సన్నగా వణుకుతుంది. కంచంలో మజ్జిగ కూడా వణుకుతుంది. ఉదయం చింతకాయ పచ్చడి, వేడి అన్నం పెట్టింది. ఉప్పు ఎక్కువ. తిన్నాను. నా కంచం ఆమె కడిగేసింది. వద్దనడానికి నోరు తెరిచి మూసుకున్నాను.

మెరక పడవల రేవుకు బళ్ళు వెళ్ళడం కిటికీలోంచి కనిపిస్తోంది. పొద్దుటి నుంచి పదిహేడు లెక్కపెట్టాను. మొదటి బండి మీద పెద్దిరాజుగారి తల్లి, ఒళ్ళో నారుకట్టలు. లేతనారు, ఇంకా నాటే వయసు కూడా రాలేదు. పీకి, తడిగోనెలో చుట్టి పట్టుకుపోతోంది.

వంటింటి అరలో ఒక సీసా ఉంది. మూత సరిగ్గా పెట్టలేదు. లోపల బెల్లం ముక్కలు. మంగతాయారు ఎన్ని పెట్టిందో నాకు తెలియదు. నేను లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం ఆమె పంపుల దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ ఎరగనట్లు సీసా వైపు చూసింది.

"ఒకటి తిన్నాను" అన్నాను. "రాసుకో."